90 రోజుల సంచి: ఏ మట్టిలో, ఏ వేడిలో?



2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ కౌంటర్ల దగ్గర కొత్తగా ఒక సంచుల కౌంటరు తెరిచారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు అప్పటి చైర్మన్ అయిన జి. సతీశ్ రెడ్డి, అప్పటి టీటీడీ ఈవో కె.ఎస్. జవహర్ రెడ్డి దాన్ని ప్రారంభించారు. ఆ సంచి వెనక ఉన్నది హైదరాబాదులోని డీఆర్‌డీఓ వారి అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ. అగ్ని క్షిపణుల మీద పనిచేసే ప్రయోగశాల అది. ఆ రోజు జనానికి చెప్పిన మాట ఇది: ఈ సంచి 90 రోజుల్లో మట్టిలో కలిసిపోతుంది, పొరపాటున పశువు తిన్నా హాని ఉండదు.

ఈ మాట నిజమేనా అని చాలామంది అడుగుతుంటారు. నిజమే, కాని ఒక షరతు ఉంది. ఎక్కడ పడేశారు, అక్కడ ఎంత వేడి ఉంది, ఎంత తడి ఉంది అన్నదాని మీదే ఆ 90 రోజుల లెక్క నిలబడుతుంది. ఆ షరతు సంచి మీద రాసి ఉండదు. దాని సంగతే ఈ రోజు మాట్లాడుకుందాం.

సంచి చేతికి తీసుకుంటే మామూలు కవరులాగే ఉంటుంది. కాస్త మెత్తగా, పాలరంగు మసకతో, నలిపితే పెద్దగా చప్పుడు చేయకుండా ఉంటుంది. మొక్కజొన్న పిండితో చేశారని అందరూ చెప్పుకుంటారు. అది సగం మాట. వట్టి పిండితో సంచి చేస్తే ఎండినప్పుడు పెళుసెక్కి విరిగిపోతుంది, తడిసినప్పుడు జావ అవుతుంది. నెయ్యి ఓడే లడ్డూలను అయిదో పదో వేసుకుని, రైలెక్కి ఊరు చేరేదాకా తెగకుండా ఉండాలంటే సాగే గుణం, మోసే బలం ఇంకొకటి ఇవ్వాలి. డీఆర్‌డీఓ తర్వాతి రోజుల్లో ఇచ్చిన వివరాల్లో దాని పేరు ఉంది: పీబీఏటీ తరహా పాలిమర్. అది ఒక పాలియెస్టర్.

పాలియెస్టర్ అనగానే మనకు గుర్తొచ్చేవి చీరలు, చొక్కాలు, నీళ్ల సీసాలు. అవి ఎన్నేళ్లయినా కుళ్లవు. మరి ఈ పాలియెస్టర్ ఎలా కుళ్లుతుంది?

ముందు ఎస్టర్ అంటే ఏమిటో చూద్దాం. ఒక ఆమ్లం, ఒక ఆల్కహాలు కలిసి, మధ్యలో ఒక నీటి అణువును వదిలేసి ఏర్పరచుకునే బంధం అది. అలాంటి బంధాలతో అణువులు పొడవాటి గొలుసుగా కలిస్తే పాలియెస్టర్. లడ్డూలోని నెయ్యి కూడా ఎస్టరే. గ్లిసరాల్ అనే ఆల్కహాలుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుంటే ఒక నెయ్యి అణువు. పాతబడిన నెయ్యి ముక్కిపోయి వాసన కొట్టడానికి ఒక కారణం ఏమిటంటే, నీరు మళ్లీ వచ్చి చేరి ఆ బంధాన్ని తెంపుతుంది, బ్యూటిరిక్ ఆమ్లం బయటపడుతుంది. సూక్ష్మజీవులు ఇదే పనిని ఎంజైములతో చాలా వేగంగా చేస్తాయి. కొవ్వును తెంపేవి లైపేజులు. ఆకు మీద నీరు నిలవకుండా కాపాడే పొరలో క్యూటిన్ అనే పదార్థం ఉంటుంది, అది చెట్టు తనంతట తాను చేసుకునే పాలియెస్టర్. దాన్ని తెంపేవి క్యూటినేజులు. రాలిన ఆకులను తినే బూజుల దగ్గర, కంపోస్టులో బతికే బాక్టీరియా దగ్గర ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. అంటే ఎస్టర్ బంధం ప్రకృతికి కొత్తేమీ కాదు. దాన్ని తెంపే పనిముట్లు మట్టిలోనే ఉన్నాయి.

1930 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కారొథర్స్ బృందం మొదటి పాలియెస్టర్ దారాలు తీసింది. అవి తక్కువ వేడికే కరిగేవి, నీటికి తట్టుకునేవి కావు. బట్టలకు పనికిరావని పక్కన పెట్టి, వాళ్లు నైలాను వైపు వెళ్లిపోయారు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు టెరిఫ్తాలిక్ ఆమ్లాన్ని వాడారు. ఆ ఆమ్లంలో బెంజీన్ వలయం ఉంటుంది. ఆ వలయం గొలుసుకు బిగువు తెచ్చింది. ఇప్పుడు మన ఒంటి మీద ఉన్న పాలియెస్టర్ అదే, నీళ్ల సీసా పెట్ కూడా అదే. ఆ బిగువు వల్లే బట్ట ఇస్త్రీ చెడకుండా నిలుస్తుంది. ఆ బిగువు వల్లే ఎంజైముకు లోపల చోటు దొరకదు.

కారొథర్స్ వద్దనుకున్న ఆ బలహీనతే తర్వాతి తరానికి కావలసి వచ్చింది. 1990ల్లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో శాస్త్రవేత్తలు వలయం ఉన్న ఆమ్లాన్నీ లేని ఆమ్లాన్నీ ఒకే గొలుసులో కలిపి చూశారు. వలయం ఉన్న ఆమ్లం వాటా సుమారు సగానికి మించకపోతే సూక్ష్మజీవులు ఆ గొలుసును తినగలుగుతున్నాయని తేలింది. పీబీఏటీ సరిగ్గా ఆ పద్ధతిలో పుట్టినది. అందులో అడిపిక్ ఆమ్లం మెత్తదనం ఇస్తుంది, టెరిఫ్తాలిక్ ఆమ్లం బలం ఇస్తుంది, బ్యూటేన్‌డయాల్ రెండింటినీ కలుపుతుంది. 1998లో బీఏఎస్ఎఫ్ కంపెనీ దీన్ని ఎకోఫ్లెక్స్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. బలం పెంచితే కుళ్లడం నెమ్మదిస్తుంది, కుళ్లడం పెంచితే బలం తగ్గుతుంది. ఈ రంగంలో జరిగే పరిశోధన అంతా ఈ బేరమే.

ఇక రెండో వైపు చూద్దాం. పాలియెస్టర్ సాధారణంగా పెట్రోలియం నుంచి వస్తుంది. మొక్క నుంచి వచ్చే ఎస్టర్ లేదా అంటే ఉంది, పైగా అది పాలియెస్టర్ కంటే చాలా పాతది. అదే సెల్యులోజ్ ఎస్టర్.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే నూలు బట్ట దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్. కాగితం సెల్యులోజ్. ఆదోని వైపు జిన్నింగ్ మిల్లుల్లో దూది తీశాక పత్తి గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు కూడా సెల్యులోజే. రసాయన పరిశ్రమకు అది మంచి ముడిసరుకు. చిక్కేమిటంటే, సెల్యులోజ్ కరగదు. వేడి చేస్తే కరగకముందే మాడిపోతుంది. నీళ్లలో కరగదు, స్పిరిటులో కరగదు. దాని గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. కరగని దాన్ని అచ్చులో పోయలేం, పలచటి పొరగా లాగలేం.

1865లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ షూట్‌జెన్‌బెర్జె దీన్ని అసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో కలిపి సెల్యులోజ్ అసిటేట్ చేశాడు. సెల్యులోజ్ గొలుసులో ప్రతి గ్లూకోజు ముక్కకూ మూడు హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. వాటిని మూడు తలుపులు అనుకుందాం. అసిటేటు గుంపు వచ్చి కూర్చున్న ప్రతి చోటా ఒక తలుపుకు తాళం పడుతుంది. మూడింటికీ తాళం పడితే ట్రైఅసిటేట్. సగటున రెండున్నర తలుపులకు పడితే అసిటోన్‌లో కరిగే మామూలు అసిటేట్. సూక్ష్మజీవి లోపలికి వెళ్లి సెల్యులోజును తినాలంటే ముందు ఈ తాళాలు తీయాలి. తాళాలు ఎన్ని తక్కువైతే అంత త్వరగా లోపలికి పోతుంది. సెల్యులోజ్ ఎస్టర్ ఎంత కాలంలో కుళ్లుతుందో నిర్ణయించేది ప్రధానంగా ఈ సంఖ్యే.

ఈ పదార్థం మనకు తెలియనిదేం కాదు. కళ్లజోడు ఫ్రేములు దీనితో చేస్తారు. సిగరెట్ ఫిల్టరులోని తెల్లటి కుచ్చు దూది కాదు, సెల్యులోజ్ అసిటేట్ పోగు. మన పొరుగున కర్ణాటకలోని మండ్యలో మైసూరు అసిటేట్ అండ్ కెమికల్స్ అనే ప్రభుత్వ కంపెనీ ఒకప్పుడు దీన్ని తయారుచేసేది. మెకానిక్ షెడ్డులో పసుపురంగు గాజులాంటి పిడి ఉన్న పాత స్క్రూడ్రైవర్లు చూసే ఉంటారు. వాటిలో చాలావాటి పిడి సెల్యులోజ్ అసిటేట్ బ్యూటిరేట్. ఏళ్ల తరబడి మూసి ఉంచిన పెట్టె తెరిస్తే ముక్కిన వెన్న వాసన వస్తుంది. గాలిలోని తేమకు ఎస్టర్ బంధాలు కొద్దికొద్దిగా తెగి, పాత నెయ్యిలో వచ్చే ఆ బ్యూటిరిక్ ఆమ్లమే ఇక్కడా బయటపడుతుంది.

సినిమా రీళ్లకూ ఇదే జరిగింది. మంటలంటుకునే పాత నైట్రేట్ ఫిల్ముకు బదులుగా కొడాక్ కంపెనీ 1948లో ట్రైఅసిటేట్ ఫిల్ము తెచ్చింది. పదేళ్లు తిరగకముందే అది చెడిపోతోందని కంపెనీకి మొదటి ఫిర్యాదు వెళ్లింది. పంపినది ఎవరో కాదు, భారత ప్రభుత్వమే. మన వేడికీ మన ఉక్కకూ రీళ్లు వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోయాయి. చల్లటి దేశాల్లో దశాబ్దాలు పట్టేది ఇక్కడ కొన్నేళ్లలోనే జరిగింది. వేడి, తేమ కలిస్తే ఎస్టర్ నిలవదు అన్నదానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

సరే, పాలియెస్టర్‌నూ సెల్యులోజ్ ఎస్టర్‌నూ కలిపి కూడా పదార్థాలు చేస్తారు. ఈ రెంటినీ కలపడం ఎందుకు? సెల్యులోజ్ అసిటేట్ గట్టిగా, గాజులా తేటగా ఉంటుంది. కాని పెళుసు. మెత్తబడాలంటే దాదాపు 190 డిగ్రీల వేడి కావాలి, అది మాడిపోయే వేడికి మరీ దూరం కాదు. అందుకని ట్రైఅసిటిన్ వంటి నూనెలాంటి ద్రవాలు కలిపి మెత్తబరుస్తారు. ఆ చిన్న అణువులు కాలం గడిచేకొద్దీ బయటికి ఊరిపోతాయి, వస్తువు మళ్లీ పెళుసెక్కుతుంది. వాటి బదులు మెత్తటి పాలియెస్టర్ గొలుసును కలిపితే అది పొడవాటిది కాబట్టి ఎక్కడికీ జారిపోదు. మొక్క వైపు నుంచి గట్టిదనం, పాలియెస్టర్ వైపు నుంచి సాగుడు వస్తాయి.

అయితే రెండు పాలిమర్లు తేలిగ్గా కలవవు. చాలా జంటలు విడిపోయి గడ్డలు కడతాయి, పొర మసకబారుతుంది, ఆ గడ్డల అంచునే చిరుగుతుంది. ఒకదానిలోని హైడ్రాక్సిల్ గుంపు రెండోదానిలోని ఎస్టరును ఆకర్షించాలి. అంటే సెల్యులోజ్ ఎస్టరులో తాళం పడని తలుపులు కొన్ని మిగిలి ఉండాలి. కుళ్లడానికి అవసరమైన ఆ తలుపులే కలవడానికీ అవసరం కావడం ఈ రసాయనంలో కలిసొచ్చిన సంగతి. అమెరికాలో ఈస్ట్‌మన్ కంపెనీలో చార్లెస్ బుకానన్, ఆయన సహచరులు 1990ల మొదట్లో సెల్యులోజ్ అసిటేట్ ప్రొపియొనేట్‌ను కొన్ని పాలియెస్టర్లతో కలిపి తేటగా ఉండే పొరలు తీశారు. బాగా కలిసిన మిశ్రమానికి మెత్తబడే ఉష్ణోగ్రత ఒకటే ఉంటుంది, కలవని దానికి రెండు కనిపిస్తాయి. పాలిమర్ల కలయికను ద్రావణంలో చిక్కదనం కొలిచి, అతిధ్వని వేగం కొలిచి పరీక్షించే పని మన రాయలసీమలోనే, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పాలిమర్ శాఖలో జరిగింది.

ఇప్పుడు కుళ్లడం సంగతి. 1993లో అమెరికాలో ఒక బృందం పలచటి అసిటేట్ పొరలను 53 డిగ్రీల వేడిలో చురుగ్గా ఉన్న కంపోస్టులో పెట్టింది. గ్లూకోజు ముక్కకు సగటున 1.7 అసిటేట్లు ఉన్న పొర 7 రోజుల్లో, 2.5 ఉన్న పొర 18 రోజుల్లో కనిపించకుండా పోయాయి. ఇప్పుడు రోడ్డు పక్కన పడిన సిగరెట్ పీకను చూడండి. అందులో ఉన్నదీ ఆ 2.5 రకం అసిటేటే. అది నెలల తరబడి, ఒక్కోచోట ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పదార్థం మారలేదు, అది పడిన చోటు మారింది. తడి లేదు, వేడెక్కిన కుప్ప లేదు, పోగులు ఒత్తుగా నొక్కి ఉన్నాయి, సూక్ష్మజీవులు చేరలేదు.

కంపోస్టు అవుతుందని ముద్ర వేయడానికి ఐఎస్ఓ 17088 అనే ప్రమాణం ఉంది, మన దేశంలోనూ అదే అమలులో ఉంది. పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను. మూతపెట్టిన పాత్రలో పక్వమైన కంపోస్టు వేసి, సంచి ముక్కలు కలిపి, 58 డిగ్రీల దగ్గర నిలబెడతారు. తడి తగ్గకుండా చూస్తారు, గాలి పంపుతూ ఉంటారు. సూక్ష్మజీవులు సంచిని తింటే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. దాన్ని పట్టి కొలుస్తారు. 180 రోజుల్లోగా సంచిలోని కార్బనులో 90 శాతం ఆ వాయువుగా మారాలి. విడిగా ఇంకో పరీక్షలో 12 వారాల తర్వాత కంపోస్టును 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన పదో వంతు కంటే ఎక్కువ మిగలకూడదు. పక్కనే ఇంకో పాత్రలో వట్టి సెల్యులోజ్ పొడి పెడతారు. 45 రోజుల్లో ఆ పొడి 70 శాతమైనా కుళ్లకపోతే కంపోస్టులో సత్తువ లేదని ఆ పరీక్షనే కొట్టేస్తారు. మన దేశంలో ఇలాంటి పరీక్షలు చేసే సంస్థల్లో ప్లాస్టిక్ ఇంజినీరింగ్ సంస్థ సిపెట్ ఒకటి.

ఇందులో మనం పట్టించుకోవలసిన అంకె 58 డిగ్రీలు. వేసవిలో తిరుపతిలో 42 డిగ్రీలు దాటుతుంది, చిత్తూరు బండల మీద ఇంకా ఎక్కువే కదా, మన ఎండకు ఈ సంచి ఇట్టే కరిగిపోదా అని అనిపిస్తుంది. పోదు. మన రాయలసీమ ఎండ పొడి ఎండ. సూక్ష్మజీవికి వేడితోపాటు నీళ్లు కావాలి. స్వర్ణముఖి ఇసుకలో ఎండుతూ పడిన సంచి పెళుసెక్కి ముక్కలవుతుందే తప్ప, తినేవాళ్లు లేక అలాగే ఉంటుంది. శేషాచలం అడవిలో గాలికి ఎగిరి చెట్టుకు చిక్కుకున్న సంచికీ అంతే. వాన పడితే పని మొదలవుతుంది, వాన వెలిస్తే ఆగిపోతుంది. తడి చెత్త, పేడ కలిపి పెద్ద కుప్పగా వేసి, నీళ్లు చల్లుతూ, తిరగేస్తూ ఉంటే లోపల 55, 60 డిగ్రీలు వాటంతటవే వస్తాయి. అలాంటి కుప్పలో ఈ సంచికి 90 రోజులు సరిపోతాయి.

బయోగ్యాసు ప్లాంటు సంగతి వేరు. తిరుపతి నగరం తడి చెత్త నుంచి గ్యాసు, ఎరువు తయారుచేసే ఏర్పాట్లు రేణిగుంట దారిలో తూకివాకం దగ్గర ఉన్నాయి. గ్యాసు తొట్టిలో గాలి ఉండదు, వేడి తక్కువ. గాలి లేనిచోట పీబీఏటీ చాలా నెమ్మదిగా కుళ్లుతుంది. కాబట్టి ఇలాంటి సంచులు గ్యాసు తొట్టికి కాక, గాలి తగిలే ఎరువు కుప్పకు చేరాలి. ఈ విడదీత మన ఇంటి దగ్గరే మొదలవ్వాలి.

ఆవుల మాట కూడా చెప్పాలి. పాలిథీన్ ఆవు కడుపులో ముద్దలుగా పేరుకుపోతుంది, చివరికి కడుపు కోసి తీయవలసి వస్తుంది. 2021లో ఆస్ట్రియా శాస్త్రవేత్తలు ఆవు పెద్దపొట్టలోని ద్రవంలో పాలియెస్టర్లను ఉంచి చూశారు. అక్కడి సూక్ష్మజీవులు పీబీఏటీతో సహా వాటిని కొంతమేర తెంపాయి. పొరగా ఉన్నదానికంటే పొడిగా ఉన్నది బాగా తెగింది. అంటే ఈ సంచి ఆవుకు పాలిథీన్ కంటే తక్కువ ప్రమాదం అనవచ్చు. అంతమాత్రాన మేత కాదు. లడ్డూ వాసన వస్తున్న ఏ సంచినీ ఆవు ముందు పడేయకండి.

చట్టం సంగతికి వస్తే, 2022 జులై 1 నుంచి కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు దేశమంతటా నిషేధం. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి మామూలు ప్లాస్టిక్ సంచి 120 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదు. కంపోస్టు అయ్యే సంచులకు ఈ మందం నిబంధన లేదు. దొంగదారి ఇక్కడే దొరుకుతుంది. మామూలు పలచటి పాలిథీన్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, బయో అన్న అక్షరాలు అచ్చువేసి అమ్మేవాళ్లు ఉన్నారు. అసలైన దాని మీద తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ నంబరు ఉండాలి.

ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటి ఉంది. సంచి నుంచి గోరంత ముక్క కత్తిరించి, గిన్నెడు నీళ్లలో వేసి, గాలి బుడగలు పోయేలా వేలితో అదిమి వదలండి. పాలిథీన్ నీటికంటే తేలిక, పైకి తేలుతుంది. పీబీఏటీ, పిండి, సెల్యులోజ్ అసిటేట్ నీటికంటే బరువు, అడుగుకు పోతాయి. తేలిందంటే ఆ సంచిని నమ్మనక్కర్లేదు. మునిగినంత మాత్రాన పూర్తిగా నమ్మడానికీ లేదు, సుద్దపొడి దట్టించిన పాలిథీన్ కూడా మునుగుతుంది. అప్పుడు సర్టిఫికెట్ నంబరు చూడాలి.

చివరగా నా అభిప్రాయం చెబుతాను. ఈ కొత్త పదార్థాలు మంచివే. మన పత్తి నుంచి వచ్చే సెల్యులోజ్ ఎస్టర్ల వాటా వాటిలో పెరిగితే ఇంకా మంచిది. కాని గుడ్డసంచి ఉన్నచోట అది చాలు, విస్తరాకు ఉన్నచోట ప్లాస్టిక్ పళ్లెం ఏ రకందైనా అక్కర్లేదు. తప్పనిసరై కంపోస్టు సంచి తీసుకున్నవాళ్లు దాన్ని పొడి చెత్తలో వేయకండి, పాలిథీన్‌తో కలిపి రీసైక్లింగుకు పంపకండి, అది ఆ సరుకును కూడా పాడుచేస్తుంది. పల్లెల్లో ఉన్నవాళ్లు పెంటదిబ్బలో లోపలికి కప్పి తడి ఆరకుండా చూడండి. పట్టణాల్లో ఉన్నవాళ్లు తడి చెత్త డబ్బాలో వేసి, అది కంపోస్టు సంచి అని తీసుకెళ్లే కార్మికులకు చెప్పండి. దుకాణదారులు సర్టిఫికెట్ నంబరు లేని సరుకు కొనకండి. శాస్త్రవేత్తలు చేయవలసింది చాలావరకు చేశారు. మిగిలింది మన చెత్తబుట్ట దగ్గర జరగాలి.